తెల్లదోమకు దోమతెర

శుద్ధ విదియ

వంకాయ ఆకు చేతికి జిగురుగా తగిలింది, పానకం ఒలికిన పీట మీద చెయ్యి పెట్టినట్టు. తిప్పి చూశాను. ఆకు వెనక పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. కొమ్మ కదిపితే ఆ చుక్కలు పొగలా లేచాయి. లేచి, కిందికి రావడానికి బద్ధకించాయి. ఇక్కడ బరువు తక్కువ, దేనికైనా పడటానికి సమయం పడుతుంది. నేను జారినా నేలకు తగిలేలోపు ఇద్దరిని తిట్టగలను.

తెల్లదోమ.

పందొమ్మిదేళ్ళుగా నేల కింద మేం కాపురముండే ఈ బిలంలో పురుగన్నది చూడలేదు. చీమ లేదు, ఈగ లేదు, బొద్దింక లేదు. భూమ్మీది ఆడవాళ్ళు వింటే అసూయపడతారు గాని, తేనెటీగ కూడా లేదు మరి. బీరపువ్వు కాయ కావాలంటే నేనే కుంచె పట్టుకుని మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అద్దాలి. వంగపువ్వుకు ఆ మర్యాద కూడా అక్కర్లేదు, కరెంటు పళ్ళబ్రష్షు కాడకు ఆనిస్తే పుప్పొడి అదే రాలుతుంది. కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరై, డెబ్బై దాటాక కూరగాయలకు పెళ్ళిళ్ళ పేరమ్మనయ్యాను.

కాబట్టి మొదట నాకు భయం వెయ్యలేదు. ముచ్చటేసింది. ప్రాణమున్నదేదో నన్ను అడక్కుండా నా ఇంటికొచ్చింది. కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత నా మళ్ళున్న ఈ వసారా చివర గోడకున్న ఎర్ర పిడి గుర్తొచ్చింది.

ఆ పిడి సంగతి ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఎక్కడ పురుగు కనిపిస్తే అక్కడ తలుపులు బిగించి పిడి లాగుతారు. లోపలి గాలంతా బయటి శూన్యంలోకి పోతుంది. పురుగు చస్తుంది. దాంతోపాటు వంగ, బీర, టమాటా, పందిరెక్కిన సొర, అన్నీ చస్తాయి. ఎగువనున్న పెద్ద పంటల గదుల్లోకి పురుగు చేరితే మూడు బిలాలూ పస్తులుండాలి కనుక ఆ చట్టాన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. నా వంకాయల దాకా రానంతవరకు.

చంద్రుడి మీదే కాపురం పెట్టి ఇంకా తిథులు రాసుకుంటావేమిటని మావాళ్ళు నవ్వుతారు. సొంత ఇల్లయినంత మాత్రాన గోడ గడియారం తీసేస్తామా?

శుద్ధ చవితి

దాచలేకపోయాను. పక్క వసారాకు పాకితే ఆ పాపం నాది. గాలి ఇన్‌స్పెక్టరుకు కబురు పెట్టాను.

అతని పేరు రుత్విక్. ముప్పై ఏళ్ళుంటాయి, ఇక్కడే పుట్టాడు. మనం పీల్చే గాలి శుభ్రంగా ఉందో లేదో చూడటం అతని ఉద్యోగం.

"ఏం కనిపించిందండీ అమ్మమ్మగారూ?"

"తెల్లదోమ."

అతని ముఖం పాలిపోయింది. "దోమా! కుట్టిందాండీ?"

"నన్నా? నన్ను కుట్టాక దాని గతేమిటో ఆలోచించు. ఇది ఆ దోమ కాదు నాయనా. పేరుకే దోమ. ఆకు రసం తాగి బతుకుతుంది."

"దోమంటే దోమేగా అండీ. బళ్ళో చెప్పారు. మలేరియా, డెంగీ..."

"పాలపిట్టను పిండితే పాలొస్తాయటయ్యా?"

అతను పాలపిట్టనూ చూడలేదు. నా ఉపమానం గాలికి పోయింది.

"దోమకు వేరే నియమం ఉందండీ," అన్నాడు తేలిగ్గా ఊపిరి పీల్చి. "గాలి తియ్యక్కర్లేదు. అందరూ దోమతెరల్లో పడుకుంటే చాలు."

ఇంకో మాట అనబోయి నోరు మూసుకున్నాను. నాకు ఊహ తెలిశాక ఇది మూడోసారి. పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, అతని పుణ్యాన నా తోటకు నాలుగు రోజులు ఆయుష్షు పెరిగింది.

"భూమికి రాసి నిర్ధారించుకుంటానండీ," అన్నాడు. ఇక్కణ్ణుంచి భూమికి ప్రశ్న వెళ్ళడం క్షణంలో పని. జవాబు రాయాల్సింది ఆఫీసు. కాబట్టి వారం.

వెళ్తూ వెళ్తూ మరో మాటన్నాడు. "ఇది తనంతట తాను రాలేదండీ. పోయిన ఓడలో ఎవరో పచ్చి మొక్క తెప్పించుకున్నారు. ఎవరో తేలితే పౌర్ణమి ఓడలో వాళ్ళను భూమికి పంపెయ్యాలి. నా చేతుల్లో ఏం లేదు."

మా వసారాలోకి రెండే గదులు తెరుచుకుంటాయి. ఒకటి నాది, ఎదురుగా ఉన్నది మా ఆడపడుచుది. పోయిన మా ఆయనకు అక్కగారు. పేరు శ్రావ్య. గొంతు ఓడ సైరన్. నా పేరు హాసిని అనుకోండి, అంచేత ఎవరినీ ఏమీ అనలేను. మా తరంలో పేర్లన్నీ అలా ఆశపడి పెట్టినవే.

ప్రపంచంలో ఏ విషయం మీదైనా అభిప్రాయం ఉండే మా వదిన, ఆ మాటంతా తన గుమ్మంలో నిలబడి విని, ఏమీ అనకుండా తలుపు వేసుకుంది.

శుద్ధ షష్ఠి

దోమతెరలు వచ్చాయి. చంద్రుడి మీద గోదాములో దోమతెరలెందుకున్నాయంటే, బిలం కట్టినప్పుడు భూమ్మీద ఎవరో పాత క్యాంపు సామాను జాబితా ఉన్నదున్నట్టు ఎక్కించారట. పిల్లలు తెరల్లో గుడారాలాట ఆడుతున్నారు. పెద్దలు దోమ కోసం చప్పట్లు కొట్టడం నేర్చుకుంటున్నారు.

నాకు ఇచ్చిన తెర మంచానికి కట్టలేదు. నా ఒంట్లో తాగడానికి ఎవరికీ ఏమీ లేదు. వంగమళ్ళ మీద కడదామనుకున్నాను. ముందు పరీక్ష చేశాను. తెరను గిన్నె మీద బిగించి చారెడు బొంబాయి రవ్వ పోశాను. తెల్లదోమ రవ్వ పలుకంత ఉంటుంది, ఇంకా సన్నం. రవ్వ ఆగితే దోమ ఆగుతుంది. రవ్వ జారితే తెర దండగ.

వానలా జారింది.

వదిన వచ్చి నడుం మీద చేతులేసుకుని చూసింది. "ఉప్మా చేస్తున్నావా, సైన్సు చేస్తున్నావా?"

"తెర జల్లిస్తున్నాను వదినా. దీని కన్నాల్లోంచి మీరు కూడా దూరిపోతారు."

"నేను దూరితే నీకెందుకే నొప్పి?"

రెండు పొరలు వేశాను. రవ్వ తగ్గింది గాని ఆగలేదు. మూడు వేస్తే వెలుతురు ఆగిపోయింది. అష్టమి దాకా సూర్యుడు రాడు, దీపాలకు కరెంటు పొదుపు. ఉన్న వెలుతురు తెరకే ఇచ్చేస్తే మొక్క ఏం తింటుంది? రవ్వను ఆపి, వెలుతురునూ గాలినీ పోనిచ్చే గుడ్డ కావాలి.

వదిన లోపలికెళ్ళి ఒక చీర తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఆర్గంజా. నిమ్మపండు రంగు. కడితే పూరీలా పొంగే రకం. ఓడ ఎక్కేటప్పుడు మనిషికి ఇన్ని కిలోలే అంటే, బరువుండదని ఆవిడ ఏరి తెచ్చుకున్న ఒకే ఒక్క మంచి చీర అది.

రవ్వ పోశాను. ఒక్క పలుకు జారలేదు.

"కత్తిరించుకో," అంది.

నలభై ఎనిమిదేళ్ళ బంధుత్వంలో మా వదిన నాకు తోడుపెరుగు కూడా ఊరికే ఇవ్వలేదు. చీర చూసి సంతోషించాను గాని, మనిషిని చూసి గుండె గుభేలుమంది.

శుద్ధ అష్టమి

సూర్యుడొచ్చాడు. ఇంక పక్షం రోజులు కదలడు. పైకప్పు అద్దాల్లోంచి వెలుగు దిగింది.

వలంటే ముగ్గురు నలుగురు కట్టి వెళ్ళిపోయే పందిరి కాదు. ముందు లోపల దొంగ లేకుండా చూసుకోవాలి. లేకపోతే దొంగను ఇంట్లో పెట్టి బయట తాళం వేసినట్టు. బాగా పట్టిన ఆకులు తుంచి మరిగే నీళ్ళలో వేశాను. మిగిలిన ప్రతి ఆకూ తిప్పి, వెనకవైపు సబ్బునీళ్ళతో తుడిచాను. సొరపాదు చెయ్యి దాటిపోయింది, మొదలంటా పీకేశాను. కాయ అరచేయంత అయింది. దాని గురించి ఇంకేం రాయను.

తర్వాత వంగకూ పక్కనున్న బీరకూ కలిపి పైపులు వంచి గుచ్చి, చీర పరిచాను. గుడ్డ ఆకుకు తగలకూడదు, తగిలితే బయట కూర్చునే గుడ్డలోంచి తాగేస్తాయి. అంచులు మట్టిలో పూడ్చాను. పువ్వులకు కుంచె ఆడించడానికి చెయ్యి దూరేలా ఒకచోట మడత పెట్టాను. వంగమడి పేరంటానికి ముస్తాబైనట్టుంది.

ఇంకొక్క పని చేశాను. తెల్లదోమకు పసుపు రంగంటే పిచ్చి. పసుపు ప్లాస్టిక్ మూతలకు ఆముదం రాసి, వల లోపల ఒకటి, బయట అక్కడక్కడ కొన్ని పెట్టాను. వాలినది ఇంక లేవదు. ఎటునుంచి వస్తున్నాయో కూడా తెలుస్తుంది.

శుద్ధ దశమి

తెలిసింది.

వల లోపలి మూత శుభ్రంగా ఉంది. నా గుమ్మం దగ్గరి మూత మీద ఒకటో రెండో. వదిన గుమ్మం ముందున్న మూత మీద కొబ్బరికోరు చల్లినట్టు.

తలుపు కొట్టకుండా వెళ్ళాను. ఆవిడ దేవుడి గూటికి అడ్డంగా నిలబడింది. దేవుడికి ఎవరైనా అడ్డం నిలబడతారా?

"జరగండి వదినా."

జరిగింది. గూటి వెనక, దీపం కింద, ఊరగాయ జాడీలో మోచేతి ఎత్తు మొక్క. ఆకుల వెనక తెల్లటి చుట్టలు చుట్టలుగా ముగ్గులు. నలపకుండానే వాసన నా ముక్కు పట్టుకుని ఎక్కడికో లాక్కుపోయింది. తిరిగి రావడానికి కాస్త సమయం పట్టింది.

"కరివేపాకు!"

"మెల్లగా. గోడలకు చెవులుంటాయి."

"గోడల సంగతేమో గాని, మీ ఆకులకు రెక్కలొచ్చాయి. ఎలా తెప్పించారు?"

పోయిన ఓడలో వచ్చిన మా రాజోలు పిల్ల చేత తెప్పించిందట. ఆవకాయ జాడీ అడుగున తడిగుడ్డలో పిలక, దాని మీద పళ్ళెం, పళ్ళెం మీద ఆవకాయ.

"పందొమ్మిదేళ్ళు కరివేపాకు లేకుండా పోపు వేశానే. అది పోపటే? నూనె ఏడుపు. పోయేలోపు ఒక్కసారి సవ్యంగా వంట చేద్దామనుకున్నాను. పురుగు కూడా వస్తుందని నాకేం తెలుసు?"

ఒక్కో ఆకూ తిప్పి చూస్తూ ఉండిపోయాను. ఆవిడకు నా మౌనం అలవాటు లేదు, తట్టుకోలేకపోయింది.

"పో, చెప్పెయ్యి. నీ పెళ్ళి భోజనాల్లో పప్పులో ఉప్పెక్కువైందని నేనన్న మాట ఇన్నేళ్ళుగా మోస్తున్నావుగా. ఇవాళ దింపుకో."

"ఉప్పు ఎక్కువ కాలేదు. సరిగ్గా సరిపోయింది."

"ఎక్కువైంది."

అంది గాని గొంతులో సైరన్ లేదు. మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. "పంపేస్తారంటావా హాసినీ?"

మా ఇద్దరికీ తెలిసిందే. ఇక్కడి ఆరోవంతు బరువుకు అలవాటుపడ్డ ముసలి ఎముకలు భూమ్మీద నిలబడవు. కిందటేడు ఆఖరి చూపులకని వెళ్ళిన లైబ్రరీ మాధవయ్యగారు మంచం మీంచి చెయ్యి కూడా ఎత్తలేకపోయారట. రెండు నెలలున్నారు. మా వదిన ఆయనకంటే పెద్దది. పంపడమంటే పంపడం కాదు.

"దీనికీ ఒక వల కడదామా?" అంది చిన్నపిల్లలా.

"వల పురుగును ఆపుతుంది వదినా, ఇన్‌స్పెక్టరును ఆపదు. వెతకడం మొదలుపెడితే మొదటి గది మీదే. మొక్క ఉండటానికి వీల్లేదు."

ఆవిడ చాలాసేపు ఆ మొక్కనే చూసింది.

"సరే. కోసేది మాత్రం నేను. పారేస్తే పాపం. వండుతాను."

శుద్ధ ఏకాదశి

మా వదిన ఏకాదశి ఉపవాసం జ్వరంలో కూడా మానలేదు. ఇవాళ మానింది. దేవుడు నాకంటే మంచివాడు, ఏమీ అనుకోడంది.

రెబ్బ రెబ్బకూ మంత్రం చదువుతున్నట్టు తుంచింది. ఉప్పునీళ్ళలో కడిగింది, నేను చూడకుండా ఒక ఆకు ముక్కు దగ్గర పెట్టుకుంది. కాండం ముక్కలు చేసి ఉడకబెట్టాను. జాడీలో మట్టిని బాణలిలో నల్లగా వేయించాను. లెక్చరరు ఉద్యోగంలో ఇంత శ్రద్ధగా ప్రయోగం చెయ్యలేదు. వల మడతలోంచి చెయ్యి పెట్టి లేత వంకాయలు కోసి ఇచ్చాను.

ఆవిడ పోపు వేసింది.

దాన్ని గురించి రాయడం చేతకాదు. చిటపటమంది, అంతే. ఇద్దరం కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

విస్తళ్ళు లేవు గనక వదిన గదిలోనే కంచాలు పెట్టుకున్నాం. వంకాయ కూర, చారు. సగం తిన్నామో లేదో, గుమ్మంలో రుత్విక్.

భోజనం వేళకు గడప తొక్కినవాణ్ణి కూర్చోమనకుండా ఉండటం మా వదినకు పుట్టుకతో రాలేదు. "రా నాయనా, కాళ్ళు కడుక్కో," అని నోటంట వచ్చేసింది. వచ్చేశాక నాలుక కరుచుకుంది. అప్పటికే అతను కూర్చున్నాడు. మూడో కంచం పెట్టక తప్పలేదు.

మాట్లాడకుండా తిన్నాడు. కూర కలుపుకున్నాడు, చారు పోయించుకున్నాడు. కంచం అద్దంలా చేశాడు. ఆకుతో సహా. కరివేపాకు ఏరి పక్కన పెట్టాలని అతనికి తెలియదు, జన్మలో చూడలేదు కదా.

చెయ్యి కంచంలోనే ఉంచి అన్నాడు. "భూమి నుంచి జవాబు వచ్చిందండీ. తెల్లదోమ దోమ కాదట."

"నేను చెప్పాను."

"చెప్పి, మధ్యలో ఆపేశారండీ."

ముప్పై ఏళ్ళ కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. తల దించుకున్నాను.

"ఏ మొక్కల మీద వస్తుందో కూడా రాశారు. వంగ, మిరప, జామ..." ఆగాడు. "కరివేపాకు. ఆకు బొమ్మ కూడా పంపారండీ."

అతని చూపు మా కంచాల మీద పడింది. నా కంచం అంచున, వదిన కంచం అంచున, బుద్ధిగా ఏరి వరసగా పెట్టిన ఆకులు. పందొమ్మిదేళ్ళు దాని కోసం ఏడ్చి, ప్రాణాల మీదికి తెచ్చుకుని వండుకుని, తినేటప్పుడు ఏరి పక్కన పెట్టాం. చెయ్యికి అలవాటు. మా జాతి లక్షణం.

రుత్విక్ వదిన కంచంలోంచి ఒక ఆకు తీశాడు. ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. వదిన చెయ్యి నా మోకాలిని వెతుక్కుని పట్టుకుంది. ఆవిడ గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

ఆకు నోట్లో వేసుకున్నాడు.

"ఎంగిలిరా నాయనా!" అని కేక పెట్టింది వదిన. భయంలో కూడా ఆచారం తప్పలేదు.

"తెలుసండీ," అన్నాడు నములుతూ. ఇంకోటి తీశాడు. వదిన కంచం అయ్యాక నా కంచం దగ్గరికొచ్చాడు. ఒక్కొక్కటే తిన్నాడు, ఏమీ మిగల్చలేదు. మేం కదలకుండా చూశాం.

మంచినీళ్ళు తాగి అన్నాడు. "పోయిన ఓడ సామాను తనిఖీ నాదేనండీ. ఒక ఆవకాయ జాడీ మూత తియ్యలేదు. ఘాటుకు కళ్ళు మండుతాయని." గ్లాసు పక్కన పెట్టాడు. "మా నాన్నమ్మను కూడా భూమికి పంపారు, మందులు ఇక్కడ లేవని. తర్వాత ఫోన్లో ఆవిడ గొంతు విన్నది ఒక్కసారే."

లేచి, గోడ మీద వేలితో కొట్టి చూశాడు. "ఈ గది గోడ గాలి కారుతున్నట్టుందండీ."

"ఎక్కడ?" అంది వదిన.

"ఎక్కడో. తలుపు బిగించి గాలి తీసి చూడాలి. బాగు చెయ్యడానికి చాలా రోజులు పట్టచ్చు. మీరు ఎదురుగదికి మారిపోవాలి." తర్వాత నావైపు తిరిగాడు. "వసారాకు అమావాస్య దాకా గడువు. పసుపు మూత మీద ఒక్కటి కనిపించినా పిడి లాగుతాను అమ్మమ్మగారూ. అప్పుడింక నేనేమీ తిననండీ."

పౌర్ణమి

ఓడ వెళ్ళింది. ఖాళీ సీట్లతో.

వదిన గదిలో గాలి తీశారు, దాంతో అక్కడి పురుగూ పోయింది. వసారాలో మూతల మీద ఇంకా అక్కడక్కడ పడుతున్నాయి. రోజూ సబ్బునీళ్ళతో ఆకులు తుడుస్తున్నాను. వలను రోజుకు రెండుసార్లు తడిమి, అంచుల్లో మట్టి సర్దుతున్నాను. ఈ పనిలో వదిన సాయం ఏమిటంటే, కుర్చీ వేసుకుని కూర్చుని నేను వదిలేసిన ఆకు చూపించడం.

"అదుగో, ఆ కింద."

"చూశాను."

"చూస్తే సరా? తుడవాలి."

నిమ్మపండు రంగు వల లోపల పూత నిండా ఉంది. ఉదయం ఆవిడ కుంచె అడిగింది. మడతలోంచి చెయ్యి పెట్టి బీరపువ్వుకు పుప్పొడి అద్దింది. మగపువ్వుకే అద్దింది. రెండో కుంచె తీసుకుని నేను సరిచేశాను.

అమావాస్య

రుత్విక్ వచ్చి మూతలన్నీ చేతిలోకి తీసుకుని చూశాడు. ఆముదం తప్ప ఏమీ లేదు. వల ఎత్తించి ఆకుల వెనక చూశాడు. ఏమీ లేదు. ఎర్ర పిడి వైపు వెళ్ళి, దాని మీద దుమ్ము తుడిచి, వెళ్ళిపోయాడు. నాలుగు వంకాయలు చేతిలో పెడితే లంచమేమోనని అనుమానించాడు. ఎంగిలి కాదు, తీసుకో అన్నాను.

వదిన గది గోడ బాగవుతుందా అని మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఆవిడతో ఒక గదిలో కాపురం గురించి రాయాలంటే ఇంకో డైరీ కావాలి. నా దిండు తనదంటుంది. నేను చదువుతుంటే దీపం ఆర్పుతుంది. ఉప్పు డబ్బా నాకు అందని ఎత్తులో పెడుతుంది. మధ్యాహ్నం భోజనం కాగానే పడుకుని గురక మొదలుపెడుతుంది, బిలానికి రెండో గాలిమర పెట్టినట్టు. తిట్టుకుంటూ పుస్తకం తీస్తాను.

అప్పుడప్పుడు గురక ఉన్నట్టుండి ఆగుతుంది. లేచి వెళ్ళి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మళ్ళీ మొదలవుతుంది. మళ్ళీ తిట్టుకుంటూ వచ్చి కూర్చుంటాను. ఇవాళ మధ్యాహ్నం ఒక పేజీ కూడా దాటలేదు.